సొంత కుర్చీ లేని పిన్ని

మా పిన్ని పనిచేసే చొక్కాల ఫ్యాక్టరీలో ఒక అలవాటు ఉంది. ఇంటి నుంచి మెత్త కుట్టి తెచ్చుకుని ఎవరి కుర్చీకి వాళ్ళు కట్టుకుంటారు. మెత్త ఎవరిదైతే కుర్చీ వాళ్ళది. వాళ్ళు సెలవు పెట్టినా, పురిటికి వెళ్ళినా ఆ మెత్త మీద ఇంకొకరు కూర్చోకూడదు. మా పిన్నికి మెత్త లేదు. కుర్చీ ఉంటే కదా!

చేరింది గుండీలు కుట్టడానికి. కాజాలమ్మాయి పెళ్ళికి సెలవు పెడితే కాజాలు నేర్చుకుంది. ఇస్త్రీ ఆయనకు నడుం పట్టేస్తే ఇస్త్రీపెట్టె అందుకుంది. తర్వాత చొక్కా చేతులు, కాలర్లు, ఆఖరికి కత్తిరింపు కూడా. ఎవరు రాకపోతే వాళ్ళ మెత్త విప్పి మేకుకు తగిలించి, ఉత్త చెక్క మీద సాయంత్రం దాకా కూర్చునేది. పేకముక్కల్లో జోకర్‌లా ఎక్కడ పెట్టినా ఇమిడిపోతుందని అందరూ ‘జోకరక్క’ అనేవారు. పిన్ని దాన్ని బిరుదనుకుంది. మేమూ కాదనలేదు.

ఆ ఏడు సూపర్‌వైజర్ మానేశాడు. అన్ని పనులూ తెలిసినవాళ్ళకే ఆ కుర్చీ ఇస్తారని పిన్ని ధీమా. పైగా ఆ వారమే మేనేజరు కోటు వేసుకున్న ఒకాయన్ని పిలిపించి, ఏ పనికైనా ఒదిగిపోయే మనసు ఎలా అలవరచుకోవాలో అందరికీ ఉపన్యాసం ఇప్పించాడు. చివర్లో తనే లేచి, “ఎక్కడో ఎందుకు, ఈవిణ్ణి చూసి నేర్చుకోండి” అంటూ పిన్నిని నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు.

ఇంకేముంది, ఆదివారం పిన్ని మెత్త కుట్టడానికి కూర్చుంది. ముదురు నీలం గుడ్డ, తెల్ల అంచు, నాలుగు మూలలా నాడాలు. సూపర్‌వైజర్ కుర్చీ కొలత ఎప్పుడు తీసిందో ఆ దేవుడికే తెలియాలి. బాబాయి ఊరుకుంటాడా?

“ఏమేవ్, కుర్చీ రాకముందే పరుపు కుట్టేస్తున్నావా?”

“మాటలాపి సూదిలో దారం ఎక్కించండి.”

“చిత్తం, మేడంగారూ!”

కళ్ళజోడు సర్దుకుని ఎక్కించాడు కూడా.

సోమవారం మేనేజరు ప్రకటించాడు. కొత్త సూపర్‌వైజర్ కాలర్లు కుట్టే కుర్రాడట! కాలరు తప్ప ఇంకేదీ ముట్టని మనిషి. తన చొక్కా గుండీ ఊడినా పెళ్ళాం చేత కుట్టించుకునే రకం.

పిన్ని తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళింది.

“అయ్యా, నాకు అన్ని పనులూ వచ్చు కదండీ?”

“అందుకేనమ్మా! మిమ్మల్ని ఆ కుర్చీలో కూర్చోబెడితే, రేపెవరైనా రాకపోతే నేనెవర్ని వెతుక్కోవాలి?”

“మరి ఇప్పుడు కాలర్లెవరు కుడతారు?”

“మీరున్నారుగా!”

బయటికి వచ్చేసరికి ఇంకో ముచ్చట. పిన్ని మెత్త పెట్టి తెచ్చుకున్న సంచీ బల్ల మీద నోరు తెరుచుకుని ఉంది. మెత్త కొత్త సూపర్‌వైజర్ చేతిలో ఉంది.

“అక్కా! నాకోసమేనా? నీకెంత అభిమానం అక్కా నేనంటే!”

హాలంతా మిషన్లు ఆపి చూస్తోంది. పిన్నికి తల కొట్టేసినట్టయింది. “నీకోసమేరా తమ్ముడూ. చెక్క గట్టిగా ఉంటుందనీ...” అంది.

వాడు కూర్చుని చూసి, “భలే సరిపోయిందే, కొలత తీసి కుట్టినట్టు!” అని మురిసిపోయాడు. కాజాలమ్మాయి కిసుక్కుమంది. నాడాలు ముడెయ్యడం కూడా రాలేదు వాడికి. పిన్నే వంగి, నాలుగు మూలలా గట్టిగా కట్టింది.

ఆ మధ్యాహ్నం కాలర్ల మిషను ముందు కూర్చుని పిన్ని ఒక నిశ్చయానికి వచ్చింది. ఇక నుంచి తనకేమీ రాకూడదు. నాలుగు కాలర్లు పాడుచేస్తే ఇంకెప్పుడూ పిలవరు. గుండీల దగ్గర ఒక కుర్చీ పడేసి అక్కడే వదిలేస్తారు. ఒకటి వంకరగా కుట్టాననుకుని, ఎత్తి చూసుకుంది. గీత గీసినట్టుంది. కిటికీలోంచి బయటికి చూస్తూ ఇంకొకటి కుట్టింది. అదీ అంతే. కావాలని గుడ్డను పక్కకు తోసింది. వేళ్ళు దాన్ని తిరిగి దారిలోకి లాక్కొచ్చాయి.

ఈ సంగతి చెప్పినప్పుడు పిన్ని తన వేళ్ళ వంక చూసిన చూపు, ఇల్లు దోచినవాణ్ణి చూసినట్టుంది.

ఇంతలో వెనక నుంచి కొత్త సూపర్‌వైజర్ కేక.

“అక్కా! కాజాలమ్మాయికి తలనొప్పట. అవి అయ్యాక ఇటు రా!”

పిన్ని లేచి వెళ్ళి, ఆ పిల్ల మెత్త విప్పి మేకుకు తగిలించింది.