ఆదివారం కుట్లు

నూలుచీర మీద నీళ్లు చిలకరించి ఇస్త్రీపెట్టె ఆనించగానే లేచే ఆ తడి వేడి వాసన ముక్కుకు తగిలితే చాలు, నందిగామలో నా కొట్లో ఉన్నదాన్ని కాస్తా జగ్గయ్యపేటలో సుగుణమ్మ గారి వరండాలోకి వెళ్లిపోతాను. నాకు కుట్టుపని నేర్పింది ఆవిడే. నోరు మహా పెద్దది. "అది కుట్టా, కోడి కెలికిందా?" అని గదమాయించి విప్పించని రోజు లేదు. ఆవిడకొక పద్ధతి ఉండేది. పొద్దున్నే గిరాకీల బట్ట ముట్టుకోబోయే ముందు పాత ముక్క మీద చేత్తో ఒక వరస కుట్టాలి. "ఇవాళ నీ చెయ్యెలా ఉందో ముందు నువ్వు చూసుకో. మంది బట్టల మీద చూసుకోకు," అనేవారు.

అలా అన్న ఆవిడ చేతికే పార్కిన్సన్స్, అదే వణుకుడు జబ్బు, వచ్చింది. మాత్రలు మొదలుపెట్టాక ఒక పూట బాగుండేది, ఇంకో పూట సూదిలోకి దారం కూడా ఎక్కేది కాదు. బెజవాడ డాక్టరు గారు "మాత్ర వేసుకున్నాక ఎలా ఉంటోందమ్మా?" అని అడిగితే "ఏదో అలా ఉందండి," అని ఊరుకునేవారు. పక్కన కూర్చున్న నాకు ఒళ్లు మండేది. మమ్మల్ని అంత వివరంగా తిట్టే మనిషికి తన సంగతి చెప్పుకోవడానికి మాటలే లేవా! ఇంటికొచ్చాక మాత్రం, "ఇక కొట్టు మూసేస్తానే రమా. కుట్టని చెయ్యి నాకెందుకు?" అన్నారు. ఆవిడ కంట్లో నీళ్లు చూడటం నాకదే మొదటిసారి. భయమేసింది.

"మీ పద్ధతే కదా టీచరమ్మా, చెయ్యి చూసుకోండి," అన్నాను.

అలా మొదలైంది. మాత్రకు ముందు నీలం దారంతో ఒక వరస, అది పనిచేయాల్సిన వేళకు ఎర్రదారంతో ఒక వరస. ఆదివారమైతే వరస చివర చిన్న శిలువ కుట్టేవారు. తరువాతిసారి ఆ గుడ్డను డాక్టరు గారి బల్ల మీద పరిచాను. ఎర్ర వరసలన్నీ వంకరటింకరగా ఉన్నాయి. శిలువ గుర్తున్నవి మాత్రం తిన్నగా ఉన్నాయి.

"ఈ గుర్తేమిటమ్మా?" అన్నారాయన.

"ఆదివారాలండి. గుడికి పోతా. అంతా ప్రార్థన మహిమండి," అన్నారు టీచరమ్మ గర్వంగా.

"ఆ రోజు మాత్ర ఎప్పుడు వేసుకుంటారు?"

"పరగడుపునేనండి. ఆరాధన అయ్యేదాకా ఏమీ తిననుగా."

"మిగతా రోజుల్లో?"

"పెసరట్టు తిని, గ్లాసుడు పాలతోనండి. బిళ్ళ వేడి చేస్తది కదండీ!"

డాక్టరు గారు నవ్వాపుకోలేకపోయారు. పప్పులోనూ పాలలోనూ ఉండే మాంసకృత్తులు ఈ మందుకు అడ్డుపడుతున్నట్టున్నాయని, ఇకనుంచి తిండికి బాగా ముందే వేసుకోమని చెప్పారు. బయటికొచ్చాక, "అయితే ప్రార్థన కాదన్నమాట!" అని ఆటపట్టించాను. "పరగడుపున రమ్మన్నదెవరే? ఆ ప్రభువే కదా!" అంటూ నెత్తిన మొట్టారు. అమ్మయ్య, మా టీచరమ్మ మళ్లీ దారిలో పడ్డారనుకున్నాను.

జబ్బు పోలేదు, పోయేదీ కాదు. మందుల వేళలు మారుతూనే ఉంటాయి, ఆ గుడ్డ పొడుగవుతూనే ఉంటుంది. కానీ తన చెయ్యి ఏ వేళకు మాట వింటుందో ఇప్పుడావిడకు తెలుసు. ఆ వేళల్లో కుట్టడానికి నా దగ్గర్నుంచి చీరలు తెప్పించుకుని ఫాల్ కుట్టి పంపుతారు. నేను కూడా కొట్టు తెరవగానే పాత ముక్క మీద ఒక వరస కుట్టందే పని మొదలుపెట్టను.

ఇవాళ బస్సులో వచ్చిన చీరను ఇస్త్రీ చేయబోతూ అంచు వెంట వేలు పోనిచ్చాను. ఒకచోట పాత సూదిరంధ్రాలు కనిపించాయి. వంకరొస్తే విప్పేసి, మళ్లీ తిన్నగా కుట్టారు. తన చేతిని కూడా "కోడి కెలికిందా?" అని తిట్టే ఉంటారు. గుండె తేలికపడి, ఒక్కదాన్నే పగలబడి నవ్వాను.