తడక గోడలో రాయమల్లు గొట్టం

సెంటినరీ కాలనీ దాటి కమాన్‌పూర్ దారి మొదలయ్యే మూల మీద అనసూర్య భోజన హోటల్ ఉండేది. హోటల్ అంటే కాస్త పెద్ద మాటే. నెత్తిన సిమెంటు రేకులు, చుట్టూ వెదురు తడకలు, లోపల నాలుగు బెంచీలు, మూలకు పాత డ్రమ్ము కోసి చేసిన కట్టెల పొయ్యి. ఆ తడకలు అల్లించి కట్టింది ఆమె మొగుడు రాయమల్లు. ఆ సంగతి అన్నానికి వచ్చినవాడికి కూర కంటే ముందే వడ్డించేవాడు.

రాయమల్లు దగ్గర వడ్డించడానికి ఇంకా చాలా ఉండేవి. కమాన్‌పూర్ బడిలో ఐదో తరగతి చదివేటప్పుడు సారు కంటే ముందు లెక్క తేల్చిన ఘనత. బొగ్గుబాయిలో టింబర్ పనికి చేరి, నెత్తిమీది కప్పు కూలకుండా కర్ర దిమ్మలు నిలబెడుతూ తల నెరిసిన ఘనత. ఒకనాడు కప్పు కిందికి దిగుతుంటే అందరూ పరుగు తీస్తే, తానొక్కడే నిలబడి ఒక్క దిమ్మ బిగించి ఆపిన ఘనత. చెప్పిన ప్రతిసారీ ఆ కప్పు ఇంకాస్త బరువెక్కేది, పరుగు తీసినవాళ్లు ఇంకొందరు పెరిగేవారు. ఆ లెక్కన ఆ షిఫ్టులో బాయి మొత్తం ఖాళీ అయి ఉండాలి. చివరగా, ఆగస్టు పదిహేనున ఉత్తమ కార్మికుడని పిలిచి స్టీలు టిఫిను డబ్బా చేతిలో పెట్టిన ఘనత. ఆ డబ్బాలో ఎవరూ ఏమీ తినలేదు. అది తినడానికి ఇచ్చింది కాదు, చూడడానికి ఇచ్చింది.

రాష్ట్రం వస్తుందో రాదో ప్రతి చాయ్ గ్లాసు దగ్గరా తేల్చేస్తున్న రోజులవి. ఢిల్లీలో ఏం జరుగుతుందో హోటల్లో అందరికీ తెలిసేది. హోటల్లో ఏం జరుగుతుందో మాత్రం ఎవరికీ పట్టలేదు. అనసూర్య దగ్గుతోంది. పొయ్యి పొగంతా లోపలే తిరిగి, రేకుల కింద నల్లగా పేరుకుని, ఆమె గొంతులో దిగుతోంది. దవాఖానకు పోతే డాక్టరమ్మ మందు చీటీ కూడా రాయకుండానే తేల్చి చెప్పింది: "పొగన్న బయటికి పోవాలె, లేకుంటే నువ్వన్న హోటల్ల నుంచి బయటికి పోవాలె."

హోటల్ నుంచి బయటికి పోవడమంటే అనసూర్యకు ప్రాణం పోవడమే. మొగుడు రిటైరై డ్యూటీ దిగిన తర్వాత ఇంటికి ఆమె పెట్టిందే తిండి. అంతకంటే ముఖ్యం, మొదటి షిఫ్టు దిగినవాళ్లు "అక్కా, పప్పుచారు" అని పిలిచే ఆ పిలుపు. ఆమెకు స్టీలు డబ్బా ఎవరూ ఇవ్వలేదు మరి.

"ఏమయ్యా, గొట్టం పెట్టియ్యి. పొగ తడకల నుంచి బయటికి పోవాలె," అంది.

"గొట్టమా? గదెంత పని," అన్నాడు రాయమల్లు. బాయిలో గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో తనకు తెలిసినంత ఆఫీసర్లకే తెలియదనుకున్నాడు. అనుకోవడమే కాదు, బెంచీల మీదున్న వాళ్లందరికీ చెప్పాడు కూడా.

గొట్టం చేయడానికి అలీముద్దీన్ వచ్చాడు. గోదావరిఖనిలో రేకు డబ్బాల దుకాణం అతనిది. అతనూ తక్కువవాడేం కాదు. ఖనిలో ఏ బేకరీ భట్టీ చూసినా దాని నెత్తిన తన గొట్టమే ఉంటుందని, తన గొట్టం లేకపోతే ఊళ్లో బన్నులే ఉండవని అతని నమ్మకం. ఇద్దరు గొప్పవాళ్లు ఒకే తడక ముందు నిలబడ్డారు. తడకకే ఊపిరాడలేదు.

అలీముద్దీన్ గొట్టం చేత్తో పట్టుకుని తడకకు ఆనించి, చుట్టూ సుద్దతో పెద్ద గీత గీశాడు. "మల్లన్నా, గొట్టం సుట్టు అన్ని దిక్కుల మూరెడు తడక కోసెయ్యాలె. కింద నుంచి ఇటుకలు, మట్టి పెట్టి చిన్న గోడ లేపుదాం. గొట్టం ఇటుకల నడుమ నుంచి పోవాలె. వెదురుకు తాకొద్దు. బయటికి పోయేటప్పుడు కొంచెం పైకి ఎత్తు ఉండాలె, గప్పుడు పొగ ఎనుకకు రాదు."

రాయమల్లు ఆ గీతను చూసి నవ్వాడు. "ఏంది భాయ్, గొట్టం పెడుతున్నవా, దర్వాజ పెడుతున్నవా? గిందులకెల్లి మా ముత్యం సైకిల్ మీద కూసొని లోపలికొస్తడు."

పక్క రేకుల కొట్టులో సైకిళ్లు బాగుచేసే ముత్యం అప్పటికే చాయ్ తాగుతున్నాడు. అతని కొట్టుకూ ఇదే తడక గోడ. "నేను రాను కాకా. అగ్గి అస్తదని భయం," అన్నాడు.

"అగ్గికి సందు కావాలెరా. సందే లేకుంటే అగ్గి ఏడికెల్లి అస్తది? బాయిల నేను దిమ్మ నిలబెడితే దిమ్మకు, కప్పుకు నడుమ ఎంటిక దూరకపోయేది. చెక్క చీలలు కొట్టి బిగిస్తే కప్పు కూడా సలాం కొట్టేది."

"అన్నా, గది దిమ్మ. ఇది గొట్టం. గొట్టం ఎర్రగ కాలుతది," అన్నాడు అలీముద్దీన్.

"నీకు బన్నులు తెలుసు భాయ్. నాకు కర్ర తెలుసు."

అలీముద్దీన్ గొట్టాన్ని ముక్క ముక్కగా పొయ్యికి తగిలించి, అతుకులకు బోల్టులు బిగించి, చేతులు తుడుచుకున్నాడు. "గోడ సంగతి నాది కాదు మల్లా. రేపు నన్ను అనకు," అని సైకిలెక్కి పోయాడు. అతని గీత తడక మీద తెల్లగా అలాగే ఉంది. రాయమల్లు తడి గుడ్డతో దాన్ని తుడిచేశాడు.

ఆ తర్వాత జరిగింది పని కాదు, పండుగ. రాయమల్లు గొట్టం పట్టేంత బొక్క మాత్రం కోశాడు. గొట్టం దూర్చాడు. మామిడి చెక్కను చీలలుగా చెక్కి, చుట్టూ ఒక్కొక్కటే పెట్టి సుత్తితో కొట్టాడు. ఒక్కో దెబ్బకు ఒక్కో బాయి కథ. చివరి చీల బిగిసేసరికి గొట్టం కదలమన్నా కదల్లేదు. బయట గొట్టాన్ని రేకుల కంటే పైకి లేపి నెత్తిన టోపీ కూడా పెట్టాడు. కొబ్బరికాయ కొట్టి పొయ్యి ముట్టించారు. పొగ గొట్టంలోంచి బయటికి పోయింది.

నిజంగానే పోయింది. అనసూర్య మొదటిసారి కళ్లు నలపకుండా అన్నం వార్చింది. బెంచీల మీదివాళ్లు చప్పట్లు కొట్టారు. రాయమల్లు కొబ్బరిచిప్ప పట్టుకుని నిలబడ్డాడు, ఆ పొగ తానే ఊది పంపినట్టు.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే రాయమల్లుకు ఒక డ్యూటీ. కర్ర తీసుకుని చీలలను ఒక్కొక్కటే తట్టి, చెవి ఆనించి వినేవాడు. బాయిలో కప్పును అలాగే తట్టేవాళ్లు. బోలుగా మోగితే ప్రమాదం, గట్టిగా మోగితే క్షేమం.

"కర్ర మాట్లాడుతదే. ఇరిగే ముందు కటకట అంటది. నాకు చెప్పకుంట కర్ర ఏం చెయ్యది," అనేవాడు భార్యతో.

కర్ర నిజంగానే ఏమీ చెప్పలేదు. విరగబోయే కర్ర అరుస్తుంది. వేడికి లోపల్లోపల ఎండుతున్న కర్రకు అరిచే అవసరం లేదు. అది రోజురోజుకీ ఇంకా గట్టిగా, ఇంకా ఖంగున మోగింది. రాయమల్లు ఇంకా సంతోషపడ్డాడు.

చీలల లోపలి అంచులు కాఫీ రంగుకు తిరిగాయి. "మంచి పాలిష్ పట్టింది," అన్నాడు. తర్వాత నల్లబడ్డాయి. "పొగ మసి," అన్నాడు. అనసూర్య ముక్కు ఎగబీల్చి, "ఏమయ్యా, ఏదో మాడిన వాసనస్తాంది," అంది.

"నీ కూరే అయి ఉంటది."

అనసూర్య కూర మూత తీసి చూసింది. కూర మాడలేదు. ఆ రోజు నుంచి ఆమె పొయ్యి పక్కన నీళ్ల బిందె పెట్టుకోవడం మొదలుపెట్టింది. నీళ్లు దేనికని రాయమల్లు అడగలేదు. అడిగితే చెబుతుందని భయం.

ఒకనాడు మొదటి షిఫ్టు దిగి జనమంతా ఒకేసారి వచ్చి పడ్డారు. అన్నం సరిపోక రెండో గిన్నె ఎక్కించారు. తుమ్మ మొద్దులు పొయ్యి నిండా తోశారు. బిందెలో నీళ్లు చేతులు కడుక్కోవడానికే అయిపోయాయి. రాయమల్లు ఒక కొత్త కుర్రాడికి తన కప్పు కథ చెబుతున్నాడు. కథలో అందరూ పరుగు తీసే చోటికి రాగానే, అందరూ నిజంగానే లేచి పరుగు తీశారు.

చీలల్లో ఒకటి ఎర్రటి కన్ను తెరిచింది. పక్కది అంటుకుంది. తడక మీద మంట పైకి పాకింది, పక్కకు పాకింది, ముత్యం కొట్టు వైపు తొంగి చూసింది.

"అగ్గి! కాకా, అగ్గి!" ముత్యం అటు నుంచి అరిచాడు.

కప్పును ఒక్క దిమ్మతో ఆపిన రాయమల్లు కర్ర చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. తట్టడానికి చీల లేదు. అది కాలిపోతోంది.

అనసూర్య బిందె వైపు చూసింది. ఖాళీ. పొయ్యి పక్కన పెద్ద గంజు నిండా పప్పుచారు ఉంది. రెండు చేతులా ఎత్తి గోడ మీద కుమ్మరించింది. చింతపులుసు, పోపు, కరివేపాకు అన్నీ కలిసి మంట మీద పడ్డాయి. చుయ్యిమంది. ముత్యం అటు నుంచి తడకను కాలితో తన్ని విరగ్గొట్టాడు. అన్నానికి వచ్చినవాళ్లు మిగిలిన మంటను గోనెసంచులతో కొట్టారు.

అంతా ఆరిపోయాక చూస్తే తడకలో గుండ్రంగా పెద్ద బొక్క. గొట్టం చుట్టూ అన్ని దిక్కులా సుమారు మూరెడు. అలీముద్దీన్ గీసింది రాయమల్లు తుడిచేశాడు గానీ, అగ్గికి ఆ గీత బాగానే కనపడినట్టుంది.

ఆ తర్వాత ఎవరూ అన్నం తినలేదు. పప్పుచారు గోడ తాగేసింది.

ముత్యం బొక్క అవతలి నుంచి తల పెట్టాడు. "అక్కా, నా కొట్టు కాలితే నా బతుకు రోడ్డు మీదికే. మల్ల గీ పొయ్యి ముట్టియ్యాలంటే నాకు నమ్మకం కావాలె. లేకుంటే ఇక్కడ పొయ్యి వద్దు." అందులో కోపం లేదు. అందుకే అనసూర్యకు ఎక్కువ తగిలింది.

ఆమె మొగుడితో తగవు పడలేదు. మరునాడు పొద్దున్నే అలీముద్దీన్‌కు కబురు పంపింది. అతను వచ్చి బొక్కను చూసి, నోటిదాకా వచ్చిన మాటను బన్నులా మింగేశాడు. కానీ పూర్తిగా మింగలేకపోయాడు.

"మల్లా, కోత మస్తుగున్నది. ఎవరు చేసిండ్రు?"

రాయమల్లు ఇటుకలు అందించాడు. కింద నుంచి మట్టి పెట్టి ఇటుక మీద ఇటుక లేపారు. గొట్టం నడుమ నుంచి పోయేలా, వెదురు ఎక్కడా తాకకుండా పెట్టారు. "నడుమ సందు ఉండనియ్యి. గొట్టం కాలితే పెరుగుతది, దానికి జాగ ఉండాలె," అన్నాడు అలీముద్దీన్. రాయమల్లు చెయ్యి అలవాటుగా చీల కోసం వెతికింది. దొరకలేదు. అనసూర్య ఇంట్లో ఉన్న మామిడి చెక్కంతా పొద్దున్నే ఇంటి పొయ్యిలో పెట్టేసింది.

మట్టి ఆరాక పొయ్యి ముట్టించే రోజు వచ్చింది. రాయమల్లు కొబ్బరికాయ పట్టుకుని ముందుకొచ్చాడు. అనసూర్య దాన్ని తీసుకుని పక్కన పెట్టింది.

"ముందు నువ్వు గాడ కూసో."

"ఏడ?"

"గా ఇటుకల పక్కన తడకకు ఈపు ఆనిచ్చి కూసో. అన్నం అయ్యేదాక, జనం తిని పొయ్యేదాక లేవొద్దు. గోడ కాలితే ముందుగాల నీకే తెలుస్తది. గప్పుడు ముత్యానికి నమ్మకమైతది, నాకు సుత."

"నేనా? ఉత్తమ కార్మికుణ్ని..."

"అందుకే. ఉత్తముడే కూసోవాలె."

ముత్యం తన వైపు స్టూలు వేసుకుని చూడడానికి కూర్చున్నాడు. అలీముద్దీన్ బెంచీ ఎక్కి కాళ్లు ఊపుతున్నాడు. రాయమల్లు కూర్చున్నాడు, వీపు ఆనించాడు. పొయ్యిలో తుమ్మ మొద్దులు భగ్గుమన్నాయి. గొట్టం వేడెక్కింది, పొగ బయటికి లాగింది. రాయమల్లు నుదుటి మీద చెమట పట్టింది. అది వేడికి కాదని అందరికీ తెలుసు.

జనం వచ్చారు. "మల్లన్నా, ఏమైంది, గట్ల కూసున్నవ్?" అని అడిగారు. రాయమల్లు వీపు ఇంకాస్త గట్టిగా ఆనించాడు. బాయి కథ లేదు, డబ్బా కథ లేదు. చెప్పడానికి కాస్త వంగితే వీపు గోడ నుంచి ఊడిపోతుంది. ఊడితే అనసూర్య చూస్తుంది. వడ్డించే ఆమె కన్ను అన్నం మీద లేదు, అతని వీపు మీదే ఉంది.

రెండో గిన్నె అన్నం దిగింది. జనం తిన్నారు, లేచారు, పోయారు. పొయ్యి నెమ్మదించింది. అనసూర్య వచ్చి మొగుడి పక్కన తడక మీద అరచెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. ఇటుకల అంచు మీద పెట్టింది. వెచ్చగా ఉంది, అంతే. ముత్యం అవతలి నుంచి చెయ్యి పెట్టి చూసి, స్టూలు తీసుకుని తన సైకిళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు. అది చాలు.

"లేస్త మరి?" అన్నాడు రాయమల్లు మెల్లగా.

"లేవకు. గాన్నే తిను," అంది అనసూర్య. కంచంలో అన్నం పెట్టి, గంజులో మిగిలిన పప్పుచారు అడుగుదాకా గీకి పోసింది. దగ్గు రాలేదు.