ఎదురింటి గిరక

నా చిన్నప్పుడు మా ఇంటిని ఊళ్ళో పెద్దిల్లు అనేవారు. బాగేపల్లికి దగ్గరలో, రోడ్డు పక్కనే మా ఊరు. చుట్టుపక్కల పల్లెల్లో పండిన చెనక్కాయలు, అంటే వేరుశనగలు, బండ్ల మీద మా మండీకే వచ్చేవి. నేను పుట్టేనాటికే ఆ వైభవం సగం తరిగిపోయిందట. అయినా వీధిలో మా ఇంటి ముందు నుంచి వెళ్ళేవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకోవడం నేను కళ్ళారా చూశాను. గొప్ప కోసం చెప్పడం లేదు. ఉన్నది అదే.

గౌరమ్మ పండగ దగ్గర పడిందంటే మా పడసాల ఆడవాళ్ళతో నిండిపోయేది. కర్జికాయలు ఎవరింట్లో వాళ్ళు చేసుకోవడం మా వీధిలో లేదు. ఎవరి పిండి, ఎవరి పీట, ఎవరి కర్ర వాళ్ళు చంకన పెట్టుకుని మా ఇంటికే వచ్చేవారు. అంత పెద్ద పొయ్యి, అంత వెడల్పు బాణలి మాకే ఉండేవి. వాళ్ళను ఎవరూ పిలిచేవారు కారు. రావడం వాడుక, అంతే. మధ్యాహ్నం అందరికీ మా ఇంట్లోనే భోజనం.

ఆ పని వాసనతోనే మొదలయ్యేది. చెనక్కాయ గింజలు దోరగా వేయించి, పొట్టు చెరిగి, పలుకులు పలుకులుగా దంచేవారు. అందులో తురిమిన బెల్లం, ఎండుకొబ్బరి, గసగసాలు, ఏలక్కాయల పొడి కలిపేవారు. చిరోటి రవ్వ తడిపి రోట్లో దంచి దంచి వెన్నలా చేసేవారు. పూరీలా ఒత్తి, మధ్యలో పొడి పెట్టి, సగానికి మడిచి, అంచు మీద గిరక తిప్పేవారు. గిరక అంటే పళ్ళున్న చిన్న ఇత్తడి చక్రం. దానికో పిడి ఉంటుంది. అది తిరిగిన చోట అంచు అలలు అలలుగా తెగి, రెండు పొరలూ అతుక్కుపోతాయి. నాకు ఆ చప్పుడంటే ఇష్టం. అన్ని గిరకలూ ఒక్కసారి తిరుగుతుంటే ఆడవాళ్ళ మాటల కింద సన్నగా కిరకిరమని వినిపిస్తుండేది.

తర్వాత వానలు లేని ఏళ్ళు వచ్చాయి. మండీకి తాళం పడింది. ఎద్దులు పోయాయి, బండ్లు పోయాయి, ఆ వెడల్పు బాణలి కూడా పోయింది. మా తాత మాత్రం ఎప్పటిలాగే అరుగు మీద, గోడకు వీపు ఆనించకుండా, నిటారుగా కూర్చునేవాడు. ఈ ఇంటివాళ్ళు ఎవరినీ ఏదీ అడగరు అన్నది ఆయన మాట. అది ఆజ్ఞలా చెప్పేవాడు కాదు. మన ఇంటి గడప తూర్పుకు ఉంది అన్నట్టు మామూలుగా చెప్పేవాడు. నాకు ఆయన పోలికే వచ్చిందని అందరూ అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నా వీపు ఇంకాస్త నిటారు అయ్యేది.

ఆ ఏడు గౌరమ్మ పండగకు మా అవ్వ తెల్లవారే లేచి రవ్వ దంచింది. మిగిలిన ఒక్క మెట్ట చేలో పండిన గింజలతోనే పొడి కలిపింది. పిండి మీద తడిగుడ్డ కప్పి, పడసాల అంతా ఊడ్చి, వీధి తలుపు బార్లా తీసి కూర్చుంది. నేను గడప దగ్గర కూర్చున్నాను. పొద్దెక్కింది. ఎవరూ రాలేదు. వీధిలో ఒక్కో ఇంట్లోంచి రోకలి చప్పుడు విడివిడిగా వినిపిస్తోంది. నీళ్ళకు వెళ్ళే ఆడవాళ్ళు మా ఇంటి ముందుకు రాగానే తల వంచుకుని నడక పెంచుతున్నారు. మేము చితికిపోయామని చులకన చేస్తున్నారనుకుని నేను పళ్ళు కొరుక్కుంటున్నాను. అవ్వ మాత్రం పిండి ఆరిపోకుండా గుడ్డ మళ్ళీ మళ్ళీ తడుపుతూ కూర్చుంది.

కాసేపటికి నన్ను పిలిచి, ఎదురింటి పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి గిరక అడిగి తెమ్మంది.

"మనది ఉండాది కదవ్వా?"

"యాడుండాది? పొద్దుట్నుంచీ ఎతుకుతాండా."

ఆ మాట అంటూనే నడుము దగ్గర చీర కుచ్చెళ్ళ మీద చెయ్యి వేసుకుంది. పొద్దున ఆమె గిరకను అక్కడే దోపుకోవడం నేను చూశాను. నేను వెళ్ళనన్నాను. అడగకూడదని తాత చెప్పాడన్నాను. అవ్వ కోప్పడలేదు. "సరేలే అమ్మణ్ణీ, నువ్వు పోవద్దు. నేనే పోతా" అని మోకాలి మీద చెయ్యి ఆనించి లేవబోయింది. పెద్దింటి అవ్వ చెయ్యి చాచడానికి వీధి దాటడమా? ఆ దృశ్యం ఊహించుకోలేక నేనే బయలుదేరాను. అరుగు మీద తాత నన్ను చూసి కూడా ఎక్కడికని అడగలేదు.

ఎదురింటి పెద్దమ్మ నోటికి భయపడని వాళ్ళు వీధిలో లేరు. ఆమె గడప బయటే నిలబడి, అడుగుతున్నట్టు కాకుండా ఏదో కబురు చెబుతున్నట్టు, మా అవ్వకు గిరక కావాలట అన్నాను.

ఆమె పిండి చేతులతో అలాగే లేచి వచ్చింది. "ఎవురికీ?"

"మా అవ్వకి."

"మీ అవ్వ అడిగి తెమ్మనిందా? నన్ను?"

తల ఊపాను. ఆమె నన్ను చాలాసేపు చూసింది. ఆ తర్వాత మొహం పక్కకు తిప్పుకుని, "ఇయ్యను పో! ఇయ్యనని చెప్పు మీ అవ్వకి!" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ వీధి దాటి తిరిగి రావడం నాకు ఇప్పటికీ గుర్తే. అవ్వకు జరిగింది చెప్పాను. చెబుతూ ఏడ్చాను కూడా. అవ్వ మొహంలో ఆ రోజు మొదటిసారి నవ్వు కనిపించింది. "అట్లనా" అని లేచి, మూలనున్న చాపలు తెచ్చి పడసాలంతా పరవడం మొదలుపెట్టింది.

రెండో చాప పరుస్తుండగానే వీధిలోంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. "ఏమే, ఇంగా ఇండ్లలోనే కూచోనుండారా? పెద్దింట్లో గిరక కనపడకుండా పోయిందంట! ఎవురి గిరక వాళ్ళు ఎత్తుకోని రాండి!" నెత్తి మీద పీట, చంకలో పిండి గిన్నె, చేతిలో నూనె చెంబుతో ఆమె మా గడప ఎక్కింది. వెనకాలే పక్కింటి అక్క, ఆ వెనక వీధి వీధంతా. ఎవరో తమ బాణలిని కూడా మోసుకొచ్చారు.

కూర్చుంటూనే పెద్దమ్మ అవ్వ మీద విరుచుకుపడింది. "నీకు నోరు పడిపోయిందా అవ్వా? ఒక్క మాట అంటే రామా?"

"మీకు కాళ్ళు పడిపోయినాయా? ఏనాడు పిలిస్తే వచ్చినారమ్మా మీరు?"

అందరూ నవ్వారు. నవ్వు ఆగాక పెద్దమ్మ తల వంచుకుని పూరీ ఒత్తుతూ నెమ్మదిగా అంది. "వస్తే ఊరుకుంటావా నువ్వు? అందరికీ వండి పెడతావు. ఈ యేడు ఆ యమ్మకి కష్టం ఎందుకులే అనుకుంటిమి."

వాళ్ళు తల వంచుకుని వెళ్ళిపోయింది అందుకని అప్పుడు తెలిసింది. అవ్వకు పొద్దుననే తెలిసినట్టుంది. పెట్టే చెయ్యిగా అలవాటైన ఇంటికి ఉత్త చేతులతో రావడానికి వాళ్ళకు మొహమాటం. తెచ్చి పెడదామంటే మేము చిన్నబుచ్చుకుంటామని భయం. ఆ భయాన్ని తీయడానికి మా వైపు నుంచి ఎవరో ఒకరు ఏదో ఒకటి అడగాలి. ఆ మధ్యాహ్నం సంగటి, ఊరిబిండి పచ్చడి అందరి ఇళ్ళ నుంచీ వచ్చాయి. అవ్వ కూర్చుని తింది. మా పడసాలలో అవ్వ కూర్చుని ఉండగా ఇంకొకరు వడ్డించడం నేను చూడటం అదే మొదలు.

ఆ సందడిలో బాణలి దించడానికి అవ్వ వంగినప్పుడు, ఆమె నడుములోని గిరక జారి నేల మీద ఖణేల్‌మని పడింది. అందరి చేతులూ ఆగిపోయాయి. పెద్దమ్మ చటుక్కున దాన్ని తీసి తన పీట కింద పెట్టుకుని, "నాదే పడింది, మీ పని మీరు చూడండి" అంది. ఆమె గిరక ఆమె చేతిలోనే ఉంది.

సాయంత్రం పొయ్యి ఆర్పే వేళకు అరుగు మీంచి మా తాత దగ్గాడు. "అమ్మా, ఆ కర్జికాయలు రెండు ఇట్లియ్యమ్మా" అన్నాడు, పెద్దమ్మను చూసి. నేను ఆయన మొహంలోకి చూశాను. వీపు నిటారుగానే ఉంది.

వెళ్ళేముందు పెద్దమ్మ తన గిరకను అవ్వ చేతిలో పెట్టి, మా గిరకను తన కొంగున కట్టుకుంది. "అడిగిండేది ఇచ్చినా. ఇది నా కాడ ఉంటాది. కావల్లంటే వచ్చే యేడు మళ్ళీ అడగనీకి రావల్ల" అంది. ఆ తర్వాత ప్రతి గౌరమ్మ పండగకూ మా అవ్వ నన్ను గిరక కోసం పంపేది. ప్రతిసారీ పెద్దమ్మ ఇయ్యను పో అనేది. చాపలు పరిచేవాళ్ళం. ఎవరిది వాళ్ళు తీసేసుకుంటే సరిపోయేది. ఎవరూ తీసుకోలేదు.

ఇప్పుడు అవ్వ లేదు, పెద్దమ్మ లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా పడసాల, వాళ్ళ గడప రెండూ తారు కిందికి వెళ్ళిపోయాయి. పెద్దమ్మ పిల్లలు చింతామణి వైపు ఎక్కడో ఉన్నారని విన్నాను. చిక్కబళ్ళాపురంలో ఈ మేడ మీది ఇంట్లో ఆ ఇంటిదాన్ని అని చెప్పుకోవడానికి నేనొక్కదాన్నే మిగిలాను. బస్సు ఆ దారిన వెళ్ళినప్పుడల్లా, మా పొయ్యి ఇక్కడే ఉండేదని కిటికీలోంచి చూస్తాను. చూసేలోపే దాటిపోతుంది.

గౌరమ్మ పండగకు నేనింకా కర్జికాయలు చేస్తాను. నా వీపు ఇంకా తాతదే, అడగడం నాకు ఇప్పటికీ తేలిక కాదు. అయినా పిండి తడిపి, కింది ఇంటి అమ్మాయి దగ్గరికి వెళ్ళి గిరక ఉందా అని అడుగుతాను. వాళ్ళ దగ్గర ఉండదని నాకు తెలుసు. "అదేంటి ఆంటీ?" అంటూ చూడటానికి పైకి వస్తుంది. వచ్చాక ఒక పీట ఆమె ముందుకు జరుపుతాను.

నా దగ్గరున్నది ఎదురింటి గిరకే. దానికి ఒక పన్ను లేదు. చక్రం తిరిగిన ప్రతిసారీ అంచులో ఒకచోట అల తప్పిపోతుంది. మా గిరక ఎవరి డబ్బాలో ఉందో, ఇంకా తిరుగుతోందో లేదో తెలియదు. ఇది పరాయి ఇంటి సొమ్ము కదా, ఎన్నటికైనా ఆ ఇంటివాళ్ళు ఎవరో ఒకరు మెట్లెక్కి వచ్చి తలుపు తట్టి, మా గిరక మీ దగ్గర ఉండాదంట కదా అని అడగకపోరు. అడిగితే ఏమనాలో నాకు తెలుసు. ఇయ్యను పో అంటాను. అని, లోపలికి వెళ్ళి చాప పరుస్తాను.