దొంగకు ఎవరి రంగు

ఆ రోజుల్లో నాకు కోపం చాలా సులువుగా వచ్చేది. ఇప్పుడు రాదని కాదు, వచ్చాక కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగడం నేర్చుకున్నాను. డిగ్రీ అయిపోయి, జనగామలో ఎరువుల దుకాణం పైన రెండు గదుల ఆఫీసులో బొమ్మలు వేసే పనికి కుదిరిన కొత్తలో మాత్రం నీళ్ళ దాకా ఆగేదాన్ని కాదు. చిన్నపిల్లల కథలను వీడియోలుగా చేసి ఇంటర్నెట్‌లో పెట్టడం ఆఫీసు పని, ఆ కథల్లోని మనుషులకు రంగులు వేయడం నా పని. ఈ కాలపు కంప్యూటర్ బొమ్మలు మీరూ చూసే ఉంటారు. రంగు కాగితాలు కత్తిరించి అతికించినట్టు చదునుగా ఉంటాయి. ముఖానికి ఒక రంగు, మెడ కింద నీడకు అదే రంగులో కాస్త ముదురు, బుగ్గ మీద కాస్త ఎరుపు, అంతే. అంత తక్కువ సామానుతో మనిషిని నిలబెట్టాలి కాబట్టి ఆ ముఖం రంగు ఏదన్నది పెద్ద విషయం. మా సార్‌కు మాత్రం అది విషయమే కాదు. పాలు ఎక్కువ పోసిన చాయ్‌లో చిటికెడు కుంకుమ కలిపినట్టుండే రంగు ఒకటి ఆయన దగ్గర ఉండేది. తాతకు అదే, అమ్మకు అదే, బర్రెలు కాసే మనిషికీ అదే. (బర్రెకు మాత్రం దయతో నలుపు వేయనిచ్చేవారు.)

"సార్, ఎండల నాగలి పట్టిన మనిషి గీ రంగుల ఉంటడా?" అని అడిగాను ఒకరోజు.

"అది అందరికీ నచ్చే రంగమ్మా. ఏ ఊరి పిల్లలైనా మన బొమ్మే అనుకుంటారు," అన్నారు సార్. ఆయనది మా వైపు ఊరే అయినా ఆఫీసులో పుస్తకంలోలాగే మాట్లాడేవారు.

"ఏ ఊరి పిల్లలు సార్? నేను చదివిన బళ్ళె ఒక్కలు గూడ లేరు గిట్ల."

వాదన పెరగడం ఆయనకు ఇష్టం లేదు. "అయితే నువ్వే ఒక రంగుల పట్టీ తయారుచేసి తీసుకురా, చూద్దాం," అన్నారు. మా ఆఫీసులో 'చూద్దాం' అంటే చూడం అని అర్థమని నాకప్పటికి తెలియదు. ఉద్యమానికి పిలుపు అందినట్టు ఇంటికి వెళ్ళాను.

ఆ ఆదివారమే నర్సింహులపేటలో మా అక్క కొడుకు పుట్టెంటికలు తీసే ఫంక్షన్. చుట్టాలందరూ ఒక్కచోట దొరుకుతారు, ఇంతకన్నా మంచి రంగుల గని ఎక్కడుంటుంది? భోజనాలయ్యాక ఒక్కొక్కరి చేయీ ఫోటో తీయడం మొదలుపెట్టాను. మొదట టెంటు కింద తీశాను. పసుపుపచ్చ టెంటు పుణ్యమా అని మా వంశం మొత్తానికి కామెర్లు వచ్చినట్టు కనిపించింది. అందరినీ వసారాలోకి తరలించి, తెల్ల టవల్ పరిచి, దాని మీద చేతులు పెట్టించాను. ఫోటోలో ఎక్కడ తాకితే అక్కడి రంగును పట్టుకుని ఒక గడిలో పెట్టే సాధనం నా ఫోనులో ఉంది. ఏ గడి ఎవరిదో మరిచిపోకుండా కింద పేర్లు కూడా రాశాను: అమ్మ, పెద్దమ్మ, మానుకోట చిన్నాయిన, తొర్రూరు అత్త. జీవితంలో నేను చేసిన అన్ని పనుల్లోకీ ఆ పేర్లు రాయడమే తెలివితక్కువ పని.

తొర్రూరు అత్త అంటే మా నాన్న చెల్లెలు. తొర్రూరులో బట్టల దుకాణం వాళ్ళది. మా ఇంటి ఆడవాళ్ళలో తానే ఎర్రటిదాన్నని ఆమె నమ్మకం, ఆ నమ్మకాన్ని ఇన్నేళ్ళుగా ఎవరూ కదిలించలేదు. నా ఫోను కదిలించింది.

"ఏదీ, నాది చూపియ్," అని ఫోను లాక్కుని, రెండు గడులను మార్చి మార్చి చూసింది. "మీ అమ్మ కన్న నేను నలుపా?"

"నలుపు తెలుపు అని కాదత్తా, రెండు రంగులు, అంతే."

"నాకు చెప్పకు. దుకాణంల నిలబడేదాన్ని, బండి మీద తిరిగేదాన్ని, ఎండకు మాడింది చెయ్యి. గిటు చూడు." గాజులన్నీ మోచేతి వైపు తోసి, వాటి కింద దాగిన లేత చారను నా ముఖానికి దగ్గరగా పెట్టింది. "గిది నా అసలు రంగు."

దానితో వసారా అంతా అసలు రంగులు బయటపడటం మొదలైంది. పెద్దమ్మ మెట్టెలు జరిపి చూపించింది. మానుకోట చిన్నాయిన ముందు వాచీ విప్పాడు, అది చాలలేదని చొక్కా చేతులు భుజం దాకా ఎత్తాడు. ప్రతివాళ్ళకూ రెండు రంగులున్నాయి, ప్రతివాళ్ళూ ఎవరికీ కనిపించనిదే తమదంటున్నారు. నాకు ఒళ్ళు మండింది. "కనపడేది ఏది ఉంటే గదే ఏస్త," అని ఫోను మూసేశాను. అత్త ఆ సాయంత్రం నాతో మాట్లాడకుండానే బస్సెక్కింది.

పట్టీ చూసి సార్ మెచ్చుకున్నారు. అప్పుడు మామిడితోటలో దొంగ కథ నడుస్తోంది. అందులో తాత, అమ్మ, టీచరమ్మ, డాక్టర్, దొంగ ఉన్నారు. నేను టీచరమ్మకు మా అత్త రంగు వేశాను. (కోపంగా వెళ్ళిన మనిషికి ఉద్యోగం ఇస్తే చల్లబడుతుందని ఆశ.) దొంగ కోసం సార్ పాత చాయ్ రంగునే వాడుకున్నాను, అది ఎవరిదీ కాదు కాబట్టి. వారం తిరగకముందే వీడియో బయటికొచ్చింది. మా అమ్మ గర్వంగా ఆ లింకును చుట్టాల గ్రూపులో పెట్టింది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచి నేనూ చూశాను. టీచరమ్మ తెల్లగా మెరిసిపోతోంది. మూట భుజాన వేసుకుని గోడ దూకుతున్న దొంగ మాత్రం అచ్చంగా మా అత్త రంగులో ఉన్నాడు. నాకు చెప్పకుండా సార్ రెండు రంగులనూ తారుమారు చేశారు.

"నేను అందరికీ రంగులు ఏసింది మంచోళ్ళను తెల్లగ, చెడ్డోళ్ళను నల్లగ చేయనీకా సార్?" అన్నాను. నా గొంతు కింద ఎరువుల దుకాణం దాకా వినిపించిందట.

"దొంగ తెల్లగా ఉంటే దొంగని పిల్లలకు ఎలా తెలుస్తుందమ్మా?"

"మూట ఉన్నది గద సార్ భుజం మీద."

ఆయన నా వైపు జాలిగా చూసి, తలుపు దగ్గరగా వేసుకున్నారు. ఉద్యోగం మానేస్తానని చెప్పడానికి మంచి మంచి వాక్యాలు తయారుచేసుకుంటూ ఇంటికి వెళ్ళాను. మొదటి జీతంతో కొన్న చెప్పులు ఇంకా కొత్తగానే ఉన్నాయి. వాటిని చూసి సగం వాక్యాలు రాత్రికే తీసేశాను.

మర్నాడు పొద్దున ఆ మిగతా సగంతో ఆఫీసుకు వెళ్ళేసరికి మా అత్త సార్ ఎదుట కుర్చీలో కూర్చుని ఉంది. తొర్రూరు నుంచి మొదటి బస్సుకు వచ్చిందట. ఫంక్షన్లకు కట్టే పట్టుచీర కట్టుకుంది.

"నన్ను దొంగను చేసిండ్రు," అంటోంది ప్రశాంతంగా.

"అది మీరు కాదమ్మా, బొమ్మ."

"బొమ్మ నాది గాదు, రంగు నాది. గీ పిల్ల నా చెయ్యి ఫోటో తీసుకున్నది. కింద నా పేరు గూడ రాసుకున్నది." సార్ నా వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను. అత్త లేచి, దొంగ ముఖం పక్కన తెర మీద తన చేయి ఆనించింది. "అవునా, కాదా?" తర్వాత, అడగకుండానే, సార్ చేయి పట్టుకుని తన చేయి పక్కన పెట్టింది.

రెండు చేతులకూ, పక్కనున్న దొంగ ముఖానికీ వెంట్రుకవాసి తేడా లేదు. వీడియోలు అతికించే అబ్బాయికి నవ్వు ఆపుకోబోయి పొలమారింది.

"మంచిగైంది సారూ," అంది అత్త. "ఒక సంచి మీరు పట్టుకోర్రి, ఒకటి నేను పట్టుకుంట. మామిడితోటకు పోదాం."

"అట్ల గాదక్కా, జర కూసో," అన్నారు సార్. ఆయన నోట మా ఊరి మాట వినడం అదే మొదలు.

నా గుండె ఉప్పొంగింది. ఉద్యమం గెలిచింది, గెలిపించింది మా అత్త. ఆ ఆనందం ఆమె చాయ్ తాగి గ్లాసు కింద పెట్టే వరకూ నిలిచింది.

"ఇగ విను బిడ్డా," అంది నాతో. "టీచరమ్మకు నా రంగు ఏయి. చెయ్యిది గాదు, గాజుల కిందిది. దొంగకు మీ అమ్మది ఏయి. ఆమెకేమైతది, తెల్లగుంటది గద."

"అలాగేనమ్మా," అన్నారు సార్ వెంటనే. ఆయనకు కావలసింది ఆ పట్టుచీర మెట్లు దిగడమే.

నిన్నటి నుంచి సార్ మీద దాచుకున్న కోపమంతా అత్త మీదికి మళ్ళింది. "గాజుల కింద రంగు ఎవ్వలు చూసిండ్రత్తా? దుకాణానికొచ్చే పిల్లలు నిన్ను గీ రంగులనే చూస్తరు, గీ రంగుతోటే గుర్తుపడ్తరు. టీచరమ్మవు నువ్వే, కని రంగు గిదే. లేకుంటే టీచరమ్మను ఇంకొకలను చేస్త."

అత్త చాలాసేపు తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"సరే. చీరన్న మంచిది కట్టు," అంది.

జరీ అంచున్న ఆకుపచ్చ చీర కట్టాను. చదును బొమ్మకు జరీ పెట్టడం ఎంత కష్టమో అత్తకు తెలియదు, చెప్పినా వినేది కాదు. ఇక దొంగ మిగిలాడు. కబురు అప్పటికే ఇల్లు చేరింది. "దొంగతనం అంటగట్టనీకి నేనే దొరికిన్నా?" అని అమ్మ ఫోను. తన రంగు జోలికి రావద్దని పెద్దమ్మ ఫోను. వాచీ కింది రంగు, వాచీ పైరంగు రెండూ నిషేధమని చిన్నాయిన ఫోను. పాత చాయ్ రంగు వేద్దామంటే సార్ ఒప్పుకోలేదు, ముఖం అటు తిప్పుకుని "ఏదన్న మామూలు మనిషి రంగు ఏయమ్మా" అన్నారు. చాయ్ రంగు మామూలు మనిషిది కాదని ఆయన నోటే వచ్చినందుకు నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఎడమ చేయి టేబుల్ మీద పెట్టి ఫోటో తీసుకుని, దొంగకు నా రంగు వేసేశాను. మా వాళ్ళెవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు భూపాలపల్లి దగ్గర ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచరుగా ఉన్న మా పెద్దమ్మ కూతురి దగ్గరికి వెళ్ళాను. పిల్లలకు ఆమె ఫోనులో ఆ కథే చూపిస్తోంది. జరీ చీర టీచరమ్మ వచ్చినప్పుడు ఒకరిద్దరు ఆ అక్క వైపు చూసి నవ్వారు. కథ అయ్యాక ముక్కు కారుతున్న ఒక చిన్నపిల్ల నా దగ్గరికొచ్చి, నా చేతిని వేలితో రుద్ది, ఫోను వైపు చూసి, మళ్ళీ నన్ను చూసింది.

"నువ్వు దొంగవా?"

నాకు కోపం వచ్చింది. రంగును బట్టి మనిషిని అట్లా అనకూడదని, అందుకోసం నేనెంత కొట్లాడానో తనకు తెలియదని, చెప్పాల్సినదంతా వరుసగా నోటిదాకా వచ్చింది. నేను ఊపిరి తీసుకునేలోపే ఆ పిల్ల నా సంచిలోకి తొంగి చూసింది.

"మరి మామిడికాయలేవి?"

ఇప్పుడు నేను పనిచేసే చోట పెద్ద పెద్ద రంగుల పట్టీలు ముందే తయారుగా ఉంటాయి. ప్రతి గడికీ పేరు బదులు ఒక నంబరు. ఎవరికి ఏ రంగు వేసినా ఎవరూ పట్టుచీర కట్టుకుని మొదటి బస్సుకు రారు. నాకూ కోపం తగ్గింది, మంచినీళ్ళ సీసా పక్కనే ఉంటుంది. ఒక్కోసారి మాత్రం, గట్టిగా అరిచి, అరిచాక కొత్త చెప్పులు చూసుకుని భయపడిన ఆనాటి నాలోని పిల్ల గుర్తొస్తుంది. ఆ పిల్ల ఇంకొక్కసారి వచ్చి నాతో దెబ్బలాడితే బాగుండనిపిస్తుంది.