గోకుడు పుల్లల కాక

కాక పోయిన సంగతి ఉమ్ సలాల్‌లో ఆయన గదిలో ఉండే మనిషి ఫోన్ చేసి చెప్పాడు. నేను దోహాలో అల్ సద్‌లో మెట్రో మెట్లు దిగుతున్నాను. "లేపితే లేస్తలేడు మేడమ్. బోర్ల పన్నడు. మర్లేసి సూసినం. పోయిండు" అన్నాడు. ఆ మాటల్లో ముందుగా నా చెవికి తగిలింది 'మర్లేసి' అన్న ఒక్క ముక్కే. మనిషి లేడన్న సంగతి నాలుగు మెట్లు దిగాక గాని అందలేదు. ఎందుకలా జరిగిందో చెప్పాలంటే ముందు పుల్లల గురించి చెప్పాలి.

దోహాలో ఒక మాల్ లోపల మా మంచు హాలు ఉంది. బయట కారు తలుపు ముట్టుకుంటే చెయ్యి చుర్రుమనే రోజుల్లో లోపల పిల్లలు పరుపుల్లాంటి కోట్లు తొడుక్కుని జారుతుంటారు. హాలుకంతటికీ ఒకటే స్నోమొబైల్. ముందు రెండు స్కీలు, వెనక రబ్బరు పట్టా. పిల్లల బళ్ళను లాగుతుంది, పొద్దున్నే మంచును వాలు పైకి మోస్తుంది. కాక దానికి మెకానిక్. ఊరు తెలంగాణలో మెట్‌పల్లి దగ్గర. కాక అంటే బాబాయి, కానీ నాకు చుట్టం కాదు. హాల్లో తెలుగువాళ్ళందరికీ ఆయన కాకే.

మంచు గట్టిపడి గాజులా అయిపోతే ఆ బండి ఇంజిన్ వేడెక్కిపోతుంది. పొడి మంచు ఎగిరి అడుగున పడుతుంటేనే చల్లబడుతుంది. అందుకని పట్టాకి అటొకటి ఇటొకటి ఉక్కు పుల్లలు దించుతారు. బండి ముందుకు పోతుంటే అవి నేలను గోకి పొడి రేపుతాయి. కంపెనీవాళ్ళు ఐస్ స్క్రాచర్లంటారు. కాక గోకుడు పుల్లలన్నాడు, ఇక నేపాలీలు, మలయాళీలు కూడా 'గోకుడు' అనే అనేవారు. వాటితో చిక్కల్లా వెనక్కి తీసేటప్పుడే. ముందే పైకి తిప్పి కొక్కేనికి తగిలించకపోతే మొన నేలలో దిగబడి పుల్ల మెలికపడిపోతుంది.

కాక మంచివాడు కాదు. పోయినవాళ్ళ గురించి ఇలా రాయకూడదంటారు. కానీ మంచివాడని రాస్తే, ఆయన్ని ఎరిగినవాళ్ళు ఇదెవరో వేరే మనిషి గురించి అనుకుంటారు. మనిషి కనపడగానే లోపం వెతికి దాన్నే పేరుగా పెట్టేవాడు. నేను చేరిన కొత్తలో ఏం చదివావని అడిగాడు. మెకానికల్ అన్నాను. "మరి టికెట్లు సింపుతున్నవేంది? మెకానికల్‌గ సింపుతున్నవా?" అన్నాడు. ఆ రోజు నుంచి నేను టికెట్ల ఇంజినీరుని.

ఇంటికి ఫోన్ చేస్తే అందరూ వినేటట్టు స్పీకర్ పెట్టేవాడు. మంచులో పని చేస్తున్నానంటే ఆయన భార్య ఏనాడూ నమ్మలేదు. దుబాయ్‌ల మంచేడిది, పొద్దుగాల్నే తాగినవా అనేది. ఆమెకు గల్ఫ్ అంతా దుబాయే. ఓసారి వీడియోలో హాలంతా తిప్పి చూపిస్తే, అది ఉప్పు గదా అంది. "ఔ, ఉప్పే. సంచి నింపి పంపుత, కూరల ఏసుకో" అని పెట్టేశాడు. మేమందరం నవ్వాం. ఆయన నవ్వలేదు.

కొత్త పుల్లలు తెప్పించడానికి ఆఫీసు ఎప్పుడూ సాగదీసేది. అందుకని కాక వంగినవాటినే రాయి మీద పెట్టి కొట్టి సాపు చేసేవాడు. స్ప్రింగు ఉక్కు ఒకసారి వంగితే బలం పోతుంది, విరుగుతుంది కాకా అన్నాను. పట్టించుకోలేదు. అట్టముక్క పరుచుకుని బండి కింద పడుకుని బోల్టు బిగించాడు. ఆ పూటే పుల్ల విరిగింది. నా వైపు చూసి, నీ నోరు మంచిది గాదు పిల్లా, ఇనుమును గూడ ఇరగ్గొడ్తది అన్నాడు. కానీ ఆ తర్వాత ఏ పని వచ్చినా కౌంటర్ దగ్గరికి వచ్చి నన్నే పిలిచేవాడు. టార్చి పట్టుకోమని పిలిచి, చివరికి పానా కూడా నా చేతికే ఇచ్చేవాడు. పుల్ల మొన ఎప్పుడూ వెనక్కి తిరిగి ఉండాలని, ఒకటి పాడైనా రెండూ మార్చాలని, లేకపోతే బండి పక్కకు లాగుతుందని అక్కడే నేర్చుకున్నాను. తిట్లు తింటూనే నేర్చుకున్నాను.

అప్పుడే కోనసీమ నుంచి ఒకాయన వచ్చి చేరాడు. మాకు ఆయన కోనసీమ ఆయనే. అంతకుముందు ఉమ్ సలాల్‌లో ఒక ఇంటి డ్రైవరు. ఎండలో కారు దగ్గర కాపలా కాసీ కాసీ విసిగిపోయి, ఆ ఇల్లు వదిలించుకుని మా బండి నడపడానికి వచ్చాడు. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాడు. ఈ పని పోతే మళ్ళీ ఇంకో కంపెనీ తీసుకునే వయసు కాదండి నాది అని నాతో చాలాసార్లు అన్నాడు. అందుకే అన్నిటికీ జాగ్రత్త. కాక అంటే హడలు.

ఈద్ సెలవుల్లో ఒక పొద్దున, హాలు తెరవకముందు, ఆయన వాలు పైకి మంచు చేర్చి, వెనక్కి తీయబోతూ దిగి, పుల్లలు రెండూ ఎత్తి కొక్కేలకు తగిలించాడు. ఎవరూ చెప్పకుండానే. కింద నుంచి కాకకి అది కనపడలేదు. మఫ్లర్ మూతి మీంచి లాగి అరిచాడు: "పుల్లలు మర్లేసి ఎన్కకు తియ్యి."

మెట్‌పల్లిలో మర్లేయడమంటే తిప్పేయడం. కోనసీమ చెవికి అది 'మళ్ళేసి' అని వినపడింది, అంటే మళ్ళీ వేసి. ఎత్తిన పుల్లల్ని ఆయన మళ్ళీ కిందికి దించాడు. ఎందుకు అని అడిగితే తిట్లు పడతాయని అడగలేదు. దించి, వెనక్కి తీశాడు. రెండూ మెలికపడ్డాయి. ఒకటి లోపలికి చొచ్చుకుపోయి పట్టాను చీరేసింది. పండగ సెలవులన్నాళ్ళూ బండి కదల్లేదు.

మేనేజర్ ముగ్గుర్నీ పిలిచాడు. మా నాన్నది కోరుట్ల, అమ్మది తణుకు. రెండు తెలుగులూ నాకు ఇంట్లోవే, కాబట్టి ఇంగ్లీషులో చెప్పే పని నాది. ఒకే మాట అక్కడ ఒకటి, ఇక్కడ ఒకటి అని వివరంగా చెప్పాను. మేనేజర్ ఓపిగ్గా విని, ఇందులో సరైన తెలుగు ఏది అన్నాడు. రెండూనన్నాను. అది ఆయనకు పనికొచ్చే జవాబు కాదు.

కాక ఒక్క ముక్క అంటే సరిపోయేది. ముందే ఎత్తాడని నాకు తెలియదు, అరిచింది నేనే, తప్పు మాటది అంటే చాలు. కోనసీమ ఆయన ఆ మాట కోసం కాక మొహంలోకే చూస్తున్నాడు.

"నేను జెప్పింది తెలుగే" అన్నాడు కాక. "ఆయనకు తెలుగు రాకుంటే నన్నేం జెయ్యమంటవ్?"

అది కూడా ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను.

వరండాలో కాకని నిలదీశాను. ఆయన పాలు లేని సులేమాని చాయ్ ఊదుకుంటూ, "ఇద్దర్ల ఒకడు పోవాలె పిల్లా. నేను పోతె బండి ఆగుతది. ఆడు పోతె ఆడొక్కడే పోతడు" అన్నాడు. నాలుగు నట్లు లెక్కపెట్టి చెప్పినట్టు చెప్పాడు.

ఉద్యోగం పోయి వెళ్ళేరోజు కోనసీమ ఆయన కంపెనీ కోటు తిరిగివ్వడానికి షెడ్డుకొచ్చాడు. కాక దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, జిప్పు ఖరాబ్ జేసినవ్ అన్నాడు. ఆయన చిన్నగా నవ్వి, మీ తెలుగు నేర్చుకునే టైము లేకపోయింది కాకా అని నాకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

ఉక్కు తీగతో అల్లిన పుల్లలు దొరుకుతాయని, అవి వెనక్కి తీసినా వంగి మళ్ళీ లేస్తాయని, పైకి ఎత్తే పనే ఉండదని నేను చాలా ముందే ఆఫీసుకి చెప్పి ఉన్నాను. ఎవరూ వినలేదు. కోనసీమ ఆయన వెళ్ళిపోయాక కాక నేరుగా మేనేజర్ గదిలోకి పోయి హిందీలో చెప్పాడట. ఈ పిల్ల చెప్పిన తీగలు తెప్పియ్యి, లేకుంటే నా పాస్‌పోర్టులో ఎగ్జిట్ కొట్టి ఇంటికి తోలియ్యి అని. మనిషి కోసం పణం పెట్టని ఉద్యోగాన్ని ఆ తీగల కోసం పెట్టాడు. తీగలు వచ్చాయి. చెప్పింది నేనని కాక అందరి ముందూ అన్నాడు కాబట్టి నన్ను కౌంటర్ నుంచి తీసి మెయింటెనెన్స్‌లో వేశారు. ఈరోజు నా చేతులకు గ్రీజు అంటుతోందంటే ఆయన చలవే. కోనసీమ ఆయనకు చేసింది మరిచిపోకపోయినా ఆ కృతజ్ఞత నాకు ఉంది, అందుకే ఇది రాస్తున్నాను.

తీగలు బిగించిన రోజు కాక బండిని ముందుకీ వెనక్కీ నడిపి చూశాడు. ఇగ ఎవనికి ఏం జెప్పే పని లేదు అన్నాడు. అది సంతోషమో కాదో నాకు తెలియలేదు. మెలికపడిన ఆ పాత పుల్లలు రెండింటినీ షెడ్డు గోడ చెక్కకు కొట్టాడు. ఒకదానికి తన కోటు, రెండోదానికి కోనసీమ ఆయన ఇచ్చిపోయిన కోటు. స్టోర్‌లో ఇవ్వవేం కాకా అంటే, జిప్పు ఖరాబైంది, ఎవనికిస్తం అన్నాడు. ఎవరినీ దాన్ని తొడగనివ్వలేదు.

కాక పోయినరోజు సాయంత్రం కోనసీమ ఆయనకు ఫోన్ చేశాను. ఆయన ఇప్పుడు అమలాపురంలో ఆటో నడుపుతున్నాడు. విషయం చెప్పాను. వెనక ఆటోల మోత వినిపిస్తోంది.

"ఎలా పోయాడండి?"

"నిద్రలోనేనండి. బోర్లా పడుకుని ఉన్నాడట. తిప్పి చూస్తే లేడట."

"తిప్పి అన్నారా, మర్లేసి అన్నారా?"

నేను దాచబోయిన మాట ఆయన నోటి నుంచే వచ్చింది. "మర్లేసి అన్నారండి" అన్నాను.

"అదేలెండి" అన్నాడు. "ఆయన తెలుగు ఆయనకి సరిగ్గానే పనికొచ్చింది." ఎవరో బేరం అడిగినట్టున్నారు, ఉంటానండి అని పెట్టేశాడు.

ఈ పొద్దున కొత్త మెకానిక్ వచ్చాడు. కోటు లేదన్నాడు. గోడ మీది కాక కోటు తీసి ఇచ్చాను. రెండోది చూపించి మరి అదో అన్నాడు. జిప్పు ఖరాబైందని చెప్పాను. ఆయన కాక కోటు తొడుక్కుని హాల్లోకి వెళ్ళాడు. లోపల బండి ముందుకి, వెనక్కి, మళ్ళీ ముందుకి పోతోంది. తీగలు ఎటు తోస్తే అటు వంగుతున్నాయి. గోడ మీద కాక కోటు తీసిన పుల్ల ఖాళీగా, మొన కిందికి పెట్టుకుని, ఇంకా దేన్నో గోకబోతున్నట్టు ఉంది.