కొంగ టీచరమ్మ

“ఒకవేళ దాంట్లో ఏమీ లేదని తేలితే?”

నోటినిండా పేస్టు నురగతోనే అనేశాడు అతను. పక్క గదిలో కూతురికి జడ వేసి వస్తున్న భార్య గొంతు తగ్గించి కసిరింది.

“ముందు నోరు కడుక్కో. పిల్ల వింటుంది.”

“అది కాదే, నిజంగా లేదనుకో. అప్పుడేం చేస్తాం?”

“ఏం చేస్తాం, షాపులో ఇచ్చేసి ఇంకోటి తెచ్చుకుంటాం. బిల్లు దాచావా మరి?”

అతనికి నవ్వు రాలేదు. అతను నీళ్ళు పరీక్షించే ల్యాబులో కెమిస్టు. ఊరి కుళాయిల్లోంచి వచ్చే నీళ్ళను పొద్దస్తమానం సీసాల్లో పట్టి కొలవడమే పని. కొలిస్తే తేలనిది లోకంలో ఏదీ లేదని గట్టి నమ్మకం. కన్నకూతురి దగ్గరికి వచ్చేసరికి ఆ నమ్మకమే అతనికి నిద్ర లేకుండా చేసింది.

కూతురు మూడో తరగతి. పిల్ల చదివే బడికి ఒక ట్రస్టు నుంచి గ్రాంటు వచ్చింది. మామూలు బళ్ళలో చదివే పిల్లల్లో అసాధారణమైన తెలివి ఉన్నవాళ్ళు ఎవరో కనిపెట్టాలి, వాళ్ళకు మధ్యాహ్నాలు వేరే క్లాసు పెట్టి పాఠాలు చెప్పాలి. కనిపెట్టే పని ఒక టీచరమ్మది. ఆవిడ ఆ రోజు వాళ్ళమ్మాయి సెక్షనుకు వస్తోంది.

ఆ కబురు తెలిసినప్పటి నుంచీ అతను పొడుపు లెక్కల పుస్తకాలు కొని, రోజూ అన్నాలయ్యాక భోజనాల బల్లకు అటువైపు కూతుర్ని, ఇటువైపు తను కూర్చుని ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తున్నాడు. పిల్ల బాగానే చెబుతోంది. చెప్పే ముందు ఒక్కసారి నాన్న వైపు చూస్తుంది, అంతే.

ఆ టీచరమ్మను పిల్లలు కొంగ టీచరమ్మ అంటారు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది, జుట్టంతా తెలుపు. ప్రశ్న అడిగి, తల వంచి, నేల వైపు చూస్తూ కదలకుండా నిలబడిపోతుంది. మడుగులో కొంగ నిలబడ్డట్టే. ఈ పేరు చెవిన పడినా ఆవిడకు కోపం రాలేదు. “పోనీలే, గుడ్లగూబ అనలేదు” అందట.

టీచరు కాకముందు ఆవిడ ఆసుపత్రిలో చెవుల పరీక్ష గదిలో పని చేసింది. పిల్లల చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, మీట నొక్కి సన్నని శబ్దం వినిపించాలి. వినబడితే పిల్లలు చెయ్యెత్తాలి. ఒకరోజు ఒక పాప మీట నొక్కినప్పుడల్లా ఠంచనుగా చెయ్యెత్తింది. ఎంత సన్నని శబ్దానికైనా ఎత్తింది. ఇంత చక్కటి చెవులు ఎక్కడా చూడలేదని ఈవిడ మురిసిపోతూ ఎందుకో కిందికి చూస్తే, హెడ్‌ఫోన్ల వైరు ఊడిపోయి నేల మీద పడి ఉంది. శబ్దమే లేదు. పాప వింటున్నది ఈవిడ కనుబొమల్ని. మీట నొక్కినప్పుడల్లా అవి రవ్వంత పైకి లేస్తున్నాయి.

ఆ రోజు నుంచి ఆవిడ ముఖం పక్కకు తిప్పుకుని మీట నొక్కడం నేర్చుకుంది. తర్వాత చదువుకుని టీచరయినా ఆ అలవాటు పోలేదు.

గ్రాంటు వచ్చిన మొదటి ఏడాది ట్రస్టు వాళ్ళు ఒక పరీక్ష పేపరు పంపారు. ఆవిడ అది పెట్టింది. నెగ్గినవాళ్ళంతా ట్యూషన్లకు వెళ్ళేవాళ్ళే. ఆవిడ ట్రస్టు ఆఫీసుకు వెళ్ళి, “ఈ పేపరు పిల్లల్ని కొలవలేదండీ, ట్యూషన్లను కొలిచింది” అని చెప్పింది. పేపరుకు బదులు ఒక్కో సెక్షనుతో ఒక టర్మంతా గడపనివ్వమని అడిగింది. వాళ్ళు ఒప్పుకున్నారు. ఆ డబ్బుతో ఆవిడ గాజు గ్లాసులు, దారాలు, అయస్కాంతాలు, ఒక చిన్న ఫ్రిజ్ కొంది.

హెడ్మాస్టరు లబోదిబోమన్నాడు. “మేధావుల్ని వెతకమని డబ్బిస్తే ఫ్రిజ్ కొన్నారేమిటమ్మా? అందులో దొరుకుతారా?”

“ఐసు దొరుకుతుంది సార్. వాళ్ళు దాని చుట్టూ చేరతారు” అంది ఆవిడ.

తల్లిదండ్రులు కావాలంటే వెనక బెంచీలో కూర్చుని చూడవచ్చు. అతను ల్యాబుకు ఒంట్లో బాగోలేదని చెప్పి వచ్చి కూర్చున్నాడు. గుండె దడదడలాడుతుంటే అది అబద్ధమేమీ కాదనిపించింది.

టీచరమ్మ ఒక గ్లాసులో పెద్ద ఐసుముక్క వేసి, అంచుదాకా నీళ్ళు పోసింది. ఐసు నీటిపైకి తేలింది.

“ఇది కరిగితే ఏమవుతుంది?” అని తల వంచుకుంది.

ఆమె తల వంచిందో లేదో అతని కూతురు లేచింది. “పొంగదు టీచర్! ఐసు తన బరువంత నీళ్ళనే పక్కకు తోస్తుంది కాబట్టి, కరిగినా మట్టం మారదు.”

అతని ఛాతీ ఉప్పొంగింది. టీచరమ్మ తల ఎత్తలేదు. “అలాగా” అంది. అంతే. బాగుందనలేదు, కాదనలేదు.

అతని కూతురు మెల్లగా వెనక్కి తిరిగి నాన్న ముఖంలోకి చూసింది. తర్వాత ఏం చెప్పాలో అక్కడ రాసి ఉన్నట్టు చూసింది.

“సార్, మీరు కాస్త ఆ బీరువా వెనక్కి జరుగుతారా?” అంది టీచరమ్మ, నేల మీంచి చూపు తిప్పకుండానే.

అతను బెంచీ లాక్కుని బీరువా చాటుకు వెళ్ళాడు. అక్కడి నుంచి అతనికి పిల్లలు సందులోంచి కనబడతారు కానీ, అతను వాళ్ళకు కనబడడు.

టీచరమ్మ తల వంచుకుని అలాగే నిలబడి ఉంది. ఇంకెవరైనా అయితే ఈపాటికి జవాబు చెప్పేసి ముందుకు పోయేవారు. చివరికి అతని వీధిలోని టైలరు గారి అమ్మాయి, అంతవరకూ గోరు కొరుక్కుంటూ కూర్చున్నది, నోరు విప్పింది.

“ఉప్పునీళ్ళయినా అంతేనా?”

అతను ఉలిక్కిపడ్డాడు. ఉప్పునీళ్ళు బరువెక్కువ కాబట్టి వాటిలో ఐసు కరిగితే మట్టం పెరుగుతుందన్న సంగతి అతనికి తెలియనిది కాదు. రోజూ ల్యాబులో నీళ్ళలో ఉప్పెంతో కొలిచేవాడే. కానీ కూతురికి జవాబు నేర్పుతున్నప్పుడు ఆ ప్రశ్న తన బుర్రకు ఒక్కసారైనా తట్టలేదు.

టీచరమ్మ ఇంకో గ్లాసు, ఉప్పు డబ్బా ఆ అమ్మాయి ముందు పెట్టి మళ్ళీ కొంగైపోయింది. పిల్లలు గుప్పెళ్ళతో ఉప్పు కలిపారు, ఐసు వేశారు, అంచుదాకా నింపారు. బెల్లు కొట్టినా ఒక్కరూ కదలలేదు. కొంతసేపటికి ఉప్పు గ్లాసు పక్కనుంచి ఒక చుక్క జారింది.

“పొంగింది!”

“నీ మొహం, అది చెమట. చల్లటి గ్లాసుకు పడుతుంది. మా ఇంట్లో సీసాకు రోజూ పడుతుంది.”

“కాదు, పొంగిందే!”

“రెండు గ్లాసులకీ పట్టింది చూడు, మొద్దూ!”

వాదన కొట్లాటకు దిగబోతుంటే టైలరు గారి అమ్మాయి వాళ్ళ మధ్యలోంచి దూరి, ఉప్పు గ్లాసు మీద జారుతున్న చుక్కను వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది.

“ఉప్పగా ఉంది” అంది. “గ్లాసుకు పట్టిన చెమటయితే చప్పగా ఉండాలి. ఇది లోపల్నించి వచ్చిందే.”

బీరువా వెనక అతను బెంచీ అంచుకు జరిగాడు. చదివిన చదువంతా, చేసిన ప్రయోగాలన్నీ ఏ తావు నుంచి పుట్టాయో ఆ తావు అతని కళ్ళముందు తెరుచుకున్నట్టయింది. ఎవరూ నేర్పలేదు. ఒక చిన్న వేలు, ఒక నాలుక, ఒక ఆలోచన. మిగతా పిల్లలు ఎగబడ్డారు. వాళ్ళలో అతని కూతురూ ఉంది, మోచేతులతో తోసుకుంటూ. వెనక్కి చూడటం మరిచిపోయింది.

అందరూ వెళ్ళాక అతను అడిగాడు. “ఏం తేలింది మేడం?”

“టైలరు గారి అమ్మాయి మధ్యాహ్నం క్లాసుకు వస్తుంది. మీ అమ్మాయి సంగతి నాకింకా తెలియదండీ.”

“అందరికంటే ముందు జవాబు చెప్పింది కదండీ?”

“చెప్పింది. నాకు వినబడింది మీ గొంతు. దాని గొంతు ఇంకా వినలేదు.” ఆవిడ గ్లాసులు తుడుస్తూ మెత్తగా అంది. “లేదనడం లేదు బాబూ. చివర్లో దాన్ని చూశారుగా, ఎలా తోసుకుంటూ వెళ్ళిందో. టర్ము చాలా ఉంది. నేనూ ఎక్కడికీ పోను.”

“ఇంట్లో నేనేం చెయ్యాలి? పుస్తకాలు మార్చనా?”

“పుస్తకాలు ఉండనివ్వండి. కుర్చీ మార్చండి. పిల్లకు ఎదురుగా కూర్చోకండి. ఎదురుగా కూర్చుంటే అది మీ ముఖమే చదువుకుంటుంది. పక్కన కూర్చోండి. ఇద్దరూ ఒకే వైపు చూడండి. మీకు తెలిసిన సంగతైనా సరే, దానికి కనబడేదాకా మీరూ చూస్తూ ఉండండి.”

ఇప్పుడు వాళ్ళింట్లో భోజనాల బల్లకు ఒకవైపే రెండు కుర్చీలుంటాయి. పిల్ల ముఖం ఎలా ఉందో చూడాలని అతనికి మెడ లాగుతూనే ఉంటుంది. అయినా అతను పక్కకు తిరగడు.