కంట్లోకి వెళ్లొచ్చిన సార్

టీవీలో ‘తుఫాను కన్ను’ అన్నప్పుడల్లా నాకు కువైట్‌లోని సాల్మియా గుర్తొస్తుంది. ఎనభైల మొదట్లో అక్కడ ఒక అమెరికన్ ఇంజనీరు ఇంట్లో వంట చేసేవాణ్ని. మాది కోనసీమ. నా ఇంగ్లీషు వంటింటి గుమ్మం దాటేది కాదు.

ఒక మధ్యాహ్నం ఇసుక తుఫాను లేచింది. నేను కిటికీలు మూస్తుంటే సార్ బయటికి చూస్తూ, “స్టార్మ్... ఇన్ ది ఐ... మెనీ టైమ్స్” అన్నారు. కంట్లో ఇసుక పడిందనుకున్నాను. “అయ్యయ్యో, నలపకండి సార్!” అంటూ పరుగెత్తి, భుజం మీది తువ్వాలు ఉండచుట్టి, నోటి ఆవిరి పట్టి ఆయన కంటికి అద్దేశాను.

సార్ బిత్తరపోయారు. ఉద్యోగం ఊడిందనుకున్నాను. ఆయన మాత్రం పగలబడి నవ్వి, నేను వేసిన గారెల పళ్లెంలోంచి ఒకటి తీసి దాని చిల్లులో వేలు పెట్టారు. తుఫాను ఇది, కన్ను ఇదీ అన్నారు. వయసులో ఉండగా మిలిటరీ వాతావరణ విమానంలో పనిచేశారట. గాలి జోరు కొలవడానికి కావాలనే తుఫాన్లలోకి దూరేవారట. ఆ చిల్లులోకి చేరితే గాలే ఉండదట, పైన ఎండ కాస్తుందట.

నాకు మా ఊరు గుర్తొచ్చింది. చిన్నప్పుడు గాలివానకు మా ఇంటికప్పు లేచిపోయింది. ఉన్నట్టుండి గాలి ఆగి ఎండ కాసింది. ఆ కాసేపట్లోనే నాన్న మమ్మల్ని పక్కింటి డాబాలోకి చేర్చాడు. వెంటనే గాలి ఈసారి ఎదురువైపు నుంచి విరుచుకుపడింది. ఇదంతా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను.

“అక్కడ తిరుగుతున్నంతసేపూ, కింద ఎవరున్నారో అనుకునేవాళ్లం” అన్నారు సార్.

“ఆయ్, మేమేనండి” అన్నాను తెలుగులోనే, గుండె మీద చెయ్యి వేసుకుని.

 ఈసారి తువ్వాలు ఆయనే అడిగి తీసుకున్నారు.